మేపిన గొంతు

మొన్న ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే గొర్రెల మంద ఒకటి రోడ్డు దాటుతూ అడ్డం వచ్చింది. ప్రతి జీవానికీ చెవిలో పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల, దాని మీద నంబరు. ఆ బిళ్లలు చూడగానే, కొత్తగా నల్లకోటు తొడుక్కుని మా పెదనాయన దగ్గర జూనియరుగా చేరినప్పుడు నేను చేసిన ఘనకార్యం గుర్తొచ్చి, నడిరోడ్డని కూడా చూడకుండా నవ్వుకున్నాను.

పెదనాయన కుర్చీ వెనక గోడకు ఎవరో పాతకాలపు అమెరికా లాయరు బొమ్మ ఉండేది. గుర్రమెక్కి ఊరూరి కోర్టులూ తిరిగి, ఎన్నికల్లో ఓడి, మళ్లీ ఓడి, చివరికి పెద్ద పదవి కొట్టిన ఆ మనిషి కథను పక్కింటాయన కథలా చెప్పేవాడు. గుర్రం ఒక్కటి లేదు గానీ తానూ అంతటివాణ్ణేనని పెదనాయనకు గట్టి నమ్మకం. ఆ ఏడు పంచాయతీ సమితి అధ్యక్ష ఎన్నికకు నిలబడ్డాడు కూడా.

ఉదయగిరి వైపు ఒక ఊరి పెద్ద తన ఊరి ఓట్లన్నీ వేయిస్తానని మాటిచ్చాడు. సరిగ్గా అప్పుడే, ఆ పెద్దమనిషి మందలో కలిసిన తన గొర్రెలను తిరిగి ఇవ్వడం లేదంటూ, భర్త పోయిన ఒకామె అదే ఊరి నుంచి మా గడప తొక్కింది. కేసు పడితే ఓట్లు పోతాయి. జీవాలు పోతే ఆమెకు బతుకే లేదు. పెదనాయన ఒక పూట అన్నం మాని ఆలోచించి, కేసు తీసుకున్నాడు.

ఎవరి జీవాలో తెలియడానికి చెవులకు కోసిన గుర్తు రెండు మందల్లోనూ ఒకటే. అందుకని తగువులో ఉన్న జీవాలను కోర్టు ఆవరణలోకి తోలించి, ఆమె చేత పిలిపిద్దామని సలహా ఇచ్చింది నేనే. జడ్జిగారు మెట్ల మీదికొచ్చి నిలబడ్డారు. ఆమె పిలిచింది. ఒక్క గొర్రె తలెత్తలేదు. అవతలి ప్లీడరు నవ్వుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు గేటు దగ్గర కూర్చున్న ఆమె అత్త, చూపు సరిగా ఆనని అవ్వ, కర్ర పట్టుకుని లేచింది.

"దాని గొంతు వాటికేం తెలస్తాదయ్యా? మేపింది నేను గదా!" అంటూ ఒక్క కూత వేసింది. జనాన్ని తోసుకుంటూ మందంతా పోయి అవ్వ చుట్టూ మూగింది. కాగితాల్లో యజమాని ఎవరో చూశాను గానీ, ఎండలో వాటి వెంట తిరిగిందెవరని అడగాలని నాకు తోచనేలేదు.

కేసు గెలిచాం, ఎన్నిక ఓడిపోయాం. ఇంట్లో అందరం దిగాలుగా కూర్చుంటే పెదనాయన మాత్రం కోటు దులుపుకుంటూ, "నేనూ నీ తప్పే చేసినానమ్మాయ్, ఊరి పెద్ద పిలిస్తే ఓట్లొస్తాయనుకున్నా" అన్నాడు. మరుసటి ఎన్నికకు ఏ పెద్దమనిషి వాకిటా నిలబడలేదు. అనంతసాగరం నుంచి ఉదయగిరి కొండ కింది పల్లెల దాకా కాళ్లు బొబ్బలెక్కేలా తిరిగి, గెలిచాడు.

ఇప్పుడు ఓట్లొచ్చాయంటే నా ఫోను మోగుతుంది. ఎవరిదో రికార్డు చేసిన గొంతు "అమ్మా" అని ఎంతో ఆప్యాయంగా పిలుస్తుంది. నేను తల కూడా ఎత్తను.