పైడమ్మ చుట్టల కట్ట

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. బొబ్బిలి సంతలో నా అంత వాగుడుకాయ లేడు. చుట్టలు నా సరుకైతే, కబుర్లు కొసరు. మా మావ పనసకాయ విసిరి విమానాన్ని కూల్చాడని చెప్పి రెండేసి కట్టలు కొనిపించినవాణ్ని. ఇది మాత్రం అలాంటి కబురు కాదు.

విశాఖపట్నం మీద జపాను బాంబులు పడిన రోజులు. జనం పిల్లల్ని చంకనేసుకుని మా వైపు పారిపోయి వస్తున్నారు. ఒక సంతనాడు, ఇంకా జనం చేరకముందే, ఒక మనిషి వచ్చి నన్ను నిప్పడిగాడు. బర్మా లుంగీ, పుళ్లు పడిన పాదాలు. పేరు సింహాచలం. చిన్నప్పుడే రంగూను మిల్లు పనికి పోయాడట. యుద్ధం తరిమితే అడవులు పట్టి నడిచొచ్చాడు. తెలుగు సగం మరిచాడు. వాళ్లమ్మ పైడమ్మ వారం వారం నా దగ్గరే చుట్టలు కొంటుంది. ఆమెకోసం ఒక కట్ట కొని, తనొకటి వెలిగించి, నిప్పు కొస నోట్లోకి తిప్పి పెట్టుకున్నాడు. అడ్డచుట్ట మా వైపు అలాగే కాలుస్తారు.

మధ్యాహ్నానికి నా చుట్టూ గుంపు. జపాను గూఢచారుల కబుర్లు చెప్పమన్నారు. ఎదుటి నీడలో పుళ్ల కాళ్లు చాపుకుని కూర్చున్న ఆ లుంగీ మనిషి కనబడ్డాడు.

"అదిగో, అలాటోలే. ఇమానమొస్తే సుట్ట నిప్పు బయటికెట్టి సైగ సేస్తారు. పోలీసోడొస్తే నోట్లోకి తిప్పీస్తారు!"

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. వింటున్నవాళ్లలో సగంమంది నోళ్లలో అదే అడ్డచుట్ట, నిప్పు లోపలికే. ఒక్కడికైనా తట్టలేదా? తట్టినా వద్దనుకున్నారా? బాంబుల భయానికి అన్నాళ్లకి ఒక మొహం దొరికింది. దాన్ని చూపించింది నేను.

అతన్ని నా ముందుకు లాక్కొచ్చారు. పైడమ్మ కొడుకునన్నాడు. "ఊరికి పదిమంది పైడమ్మలు! ఆ పేరు సెప్తే వొగ్గీస్తామేటి?" అన్నాడొకడు. అప్పుడతను నన్ను చూశాడు.

"మావా! నానెవుల్నో నీకు తెలుసు గదా. సెప్పు మావా!"

అందరూ నావైపు తిరిగారు. అంతమంది నా ఒక్కమాట కోసం ఊపిరి బిగబట్టడం నా బతుకులో అదే మొదలు.

"ఎవుల్రా నువ్వు? నీకు మావనేటి నాను?"

ఈసారి నవ్వారు.

ఒక్కొక్కడూ ఒక్క దెబ్బే వేశాడు. ఒక్క దెబ్బకు మనిషి చస్తాడా అని తర్వాత అందరూ అన్నారు. నేనైతే చెయ్యే ఎత్తలేదు. ఆ ఎత్తని చేతిని చూసుకుంటూ ఎన్నాళ్లు సర్దిచెప్పుకున్నానో! ఊరూ పేరూ లేని శవమని బండిమీద తీసుకుపోయారు. దుమ్ములో పడిన చుట్టల కట్ట తీసి నా గంపలో వేసుకున్నాను. పై సంతకి పైడమ్మ వచ్చింది. అదే కట్ట ఆమెకి అమ్మాను.

యుద్ధంలో ఎక్కడెక్కడో ఊళ్లకూళ్లు చంపేశారని పేపరు చదివి, ఎలాంటి రాక్షసులో అని మావాళ్లు ఆశ్చర్యపోతారు. నేను తల దించుకుని చుట్టలు చుడతాను. అక్కడా ఎవడో నాలాంటివాడు కబురు చెప్పే ఉంటాడు. అక్కడా వినేవాళ్లు అతని వైపు తిరిగే ఉంటారు.

పైడమ్మ నిన్న కూడా వచ్చింది. రంగూను నుంచి కబురేమైనా తెలిసిందా అని అడిగింది. లేదన్నాను. చుట్ట వెలిగించి, నిప్పు నోట్లోకి తిప్పుకుని వెళ్లిపోయింది. ఆమెతో చెప్పే ధైర్యం నాకు లేదు. మీతో చెబుతున్నాను. ఆ రోజు అతను అడిగినదానికి జవాబు ఇది: తెలుసు. అతను సింహాచలం, పైడమ్మ కొడుకు. పొద్దుటినుంచీ నాకు తెలుసు.