గ్రేసమ్మ టీచరుగారు చదవని పేజీ

టీవీలోంచి చెంపదెబ్బ చప్పుడు వినబడి, ముద్ద చేతిలోనే ఆగిపోయింది. చిన్నప్పుడు విన్న డిటెక్టివ్ కథలను సీరియల్‌గా తీశారంటే గుడివాడలో మా ఇంట్లో ఆశగా కూర్చున్నాను. అందులో డిటెక్టివ్ ఒక పడవవాణ్ణి కొట్టి నేరం ఒప్పించాడు. "నాలుగు తగిలిస్తేనే కదా నిజం కక్కేది," అన్నారు మావారు. "అసలు కథలో కొట్టడండీ!" అని అరిచాను.

ఆ కథ నేను విన్నది బందరు దగ్గర మా ఊరి బడిలో, గ్రేసమ్మ టీచరుగారి నోట. నేను ఏడో తరగతిలో ఉండగా, ఎవరిదో పడవ ఇంజను దొంగతనమైందని పోలీసులు మా నాన్నను స్టేషనుకు తీసుకెళ్లారు. దొంగ వేరొకడని తేలేలోపే దెబ్బలకు ఆయన కుడిచెయ్యి విరిగింది. వల లాగలేని నాన్నను చూస్తూ, బడిలో ముఖం చూపించలేక ఇంట్లోనే ఉండిపోయాను. టీచరుగారు మా గుమ్మంలోకి వచ్చి, "రేపు కొత్త కథ చదువుతున్నా. నువ్వు రాకపోతే మొదలెట్టను," అన్నారు. వెళ్లాను. కథలో అనుమానం పడవవాడిమీదకే వచ్చింది. తల దించుకున్నాను. డిటెక్టివ్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "దెబ్బలకు చెప్పేది నిజం కాదయ్యా, నొప్పి. నిదానంగా చెప్పు," అన్నాడు. ఆ మాట పట్టుకునే చదువుకున్నాను, ఎస్సైనయ్యాను.

సీరియల్‌వాళ్ల తప్పు మావారికి చూపించాలని ఆ ఆదివారం బందరు వెళ్లాను. టీచరుగారు పోయి మూడేళ్లు. ఆవిడ చెల్లెలు సుందరమ్మగారు బీరువాలోంచి పుస్తకం తీసిచ్చారు. ఆ పేజీ చదివి, నమ్మలేక మళ్లీ చదివాను. డిటెక్టివ్ పడవవాడి రెండు చెంపలూ వాయించాడు, వాడు ఒప్పుకున్నాడు. నేను ఇన్నేళ్లూ నమ్మిన మాట ఆ కథలో ఎక్కడా లేదు. సీరియల్‌వాళ్లు ఉన్నదే తీశారు.

"మా నాన్న చెయ్యి విరిగినప్పుడు టీచరుగారు క్లాసులో చదివిన మాట ఇందులో లేదండీ," అన్నాను.

సుందరమ్మగారు నన్ను తేరిపార చూశారు. "ఆ పిల్లవి నువ్వేనా? నీకు మాటిచ్చి వచ్చాక అక్క ఈ పేజీ చూసుకుంది. 'ఆ పిల్ల ముందు ఇదెలా చదవనే' అని కూలబడిపోయింది. తర్వాత క్లాసులో ఏం చదివిందో నాకు తెలీదమ్మా."

తిరుగు బస్సులో పామర్రు దాటేదాకా కోపంగానే ఉంది. ఒక అబద్ధం మీద ఉద్యోగం చేశానా అనిపించింది. పుస్తకంలోకి చూస్తూనే, లేని వాక్యాలను తడుముకోకుండా చదివిన ఆవిడ ముఖం గుర్తొచ్చాక ఏడుపు ఆగలేదు.

ఆ వారంలోనే బైకు దొంగతనం అనుమానంతో ఒకతన్ని స్టేషనుకు తెచ్చారు. కానిస్టేబులు గది తలుపు వేయబోయాడు. "తెరిచే ఉంచండి. ఆయనకు కుర్చీ వెయ్యండి," అన్నాను. అంతకాలం పుస్తకంలో ఉందని చేసిన పని, ఆ రోజు లేదని తెలిసీ చేశాను.