నారపరెడ్డి జీపు, మా మొదటి సవారీ

అనంతపురంలో నా కారు సర్వీసుకు ఇచ్చే చోట అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు గానీ, బండి దగ్గరికి మాత్రం పోనివ్వరు. ఎందుకు పోనివ్వరని వాదనకు దిగి, గెలిచి, లోపలికి పోయిన రోజున ఎవరో బ్రేకు ఆయిలు డబ్బా మూత తీశారు. తీపి కలిసిన ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే చిలమత్తూరు రోడ్డు పక్కన మా నాయన షెడ్డు, రేకుల కింద మాడే ఎండాకాలం, శనక్కాయల పొట్టు గాలికి లేచి గ్రీజు డబ్బాల మీద అతుక్కోవడం, కానుగ చెట్టు నీడలో పాత నట్లతో నేనాడిన అచ్చనగాయలు, అన్నీ ఒక్కసారిగా నా ముందుకొచ్చి కూర్చున్నాయి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నాయన ఏ బండికి బ్రేకు పని చేసినా, దాన్ని సొంతదారుకు అప్పజెప్పే ముందు మొదటి సవారీ మాది. అమ్మ ఉతికిన చీర కట్టుకునేది, అవ్వ వక్కాకు సంచి నడుముకు దోపుకునేది, నేను ముందు సీటు ఎక్కేదాన్ని. నాయన మమ్మల్ని లేపాక్షి దాకా తీసుకుపోయి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టించి, వెనక్కి తెచ్చాక గానీ తాళంచెవి ఇచ్చేవాడు కాదు. ఊరంతా నవ్వేది. "ఏమప్పా, మంది బండ్లల్లో పెండ్లాం బిడ్డలకు షికారా?" అంటే, "ఊ, షికారే" అనేవాడు. తన పని మీద తనవాళ్లను కూర్చోబెట్టలేనివాడు స్పానరు పట్టకూడదని ఆయన లెక్క.

నారపరెడ్డి పెద్ద రైతు. ఆయన జీపు, ట్రాక్టర్లు, చుట్టాల లారీలు అన్నీ మా షెడ్డుకే వచ్చేవి; మా పొయ్యి సగం ఆయన బండ్ల మీదే వెలిగేది. ఆ పాత జీపు మాస్టర్ సిలిండర్, అంటే పెడలు తొక్కితే బ్రేకు ఆయిలును పైపుల్లోకి నెట్టేది, ఒంటి గదిది. దాన్నుంచి ఒక్క పైపే బయలుదేరి నాలుగు చక్రాలకూ చీలుతుంది. ఎక్కడ కారినా నాలుగింటికీ బ్రేకు పోతుంది. నారపరెడ్డి కొడుకు పెండ్లి ముందర నాయన దాన్ని తీసేసి రెండు గదుల సిలిండర్ పెట్టాడు, ముందు చక్రాలకు ఒక పైపు, వెనక చక్రాలకు ఒకటి. ముందుది చక్కగా కుదిరింది. వెనక పైపు పాత నట్టు మరలకూ కొత్త సిలిండర్ మరలకూ పొంతన లేదు. సరైన నట్టు హిందూపురం నుంచి రావాలి, పైపు కొస కోసి ఆ నట్టు ఎక్కించాలి, పైపు మూతిని మళ్లీ గరాటులా విప్పాలి. బయట మేళగాళ్లు వచ్చేశారు. "ముహూర్తం మీరితే నువ్వు కడతావా తాళి?" అని నారపరెడ్డి అరుస్తున్నాడు. నాయన పాత నట్టుకే తెల్ల టేపు చుట్టి, బలవంతంగా తిప్పి బిగించాడు. తొక్కితే పెడలు గట్టిగానే నిలిచింది, చుక్క కూడా కారలేదు. కానీ ఆ కాస్త మర జారితే, కిక్కిరిసిన జీపుకు దిగుడులో వెనక బ్రేకు లేనట్టే.

మేం ముగ్గురం అలవాటుగా వచ్చి ఎక్కి కూర్చున్నాం.

"దిగండి, ఈసారి మీరొద్దు" అన్నాడు నాయన, మా వైపు చూడకుండా.

"ఎందుకురా వద్దు?" అంది అవ్వ.

"టైము లేదులేమా."

నా నోరు అప్పటికే ఈ నోరే. "మమ్మల్ని ఎక్కించుకోవు గానీ, పెండ్లికొడుకును ఎక్కిస్తావా నాయనా?"

అమ్మ నా తొడ గిల్లింది. తను మాత్రం దిగలేదు. నాయన స్పానరు తీసుకుని, బిగించిన నట్టును విప్పేశాడు. టేపుతో పాటు నలిగిన మర పొట్టు ఆయన అరచేతిలో మెరిసింది.

"జీపు రేపు ఇస్తాలే అన్నా" అన్నాడు నారపరెడ్డితో.

"ఏమప్పా, నా కొడుకు పెండ్లికి నీ కూతురు పెత్తనమా?"

"నా బిడ్డ ఎక్కని బండి నీ బిడ్డకెందుకన్నా?"

పెండ్లికొడుకు బాసికం కట్టుకుని, మేళగాళ్ల మధ్య బస్సులో నిలబడి లేపాక్షికి పోయాడు.

మరుసటి రోజు నాయన నట్టు తెచ్చి, పైపు మూతి విప్పి, బిగించి, మమ్మల్ని ఎక్కించుకుని ఎండిన చెరువులోకి తోలాడు. అక్కడ వెనకది పోయినా ముందుది ఆపుతుందో లేదో చూడడానికి వెనక పైపు నట్టును తానే వదులు చేసి, బండి నడిపి, తొక్కాడు. పెడలు లోతుకు దిగింది, ఆయిలు ఇసుకలో కారింది, అవ్వ వక్కాకు సంచి ఎగిరి నా ఒళ్లో పడింది, ముందు బ్రేకుల మీదే జీపు ఆగింది. నాయన నవ్వు అప్పుడు చూడాలి! మళ్లీ అంతా బిగించి, ఆయిలు నింపి, లేపాక్షి పోయొచ్చాకే తాళంచెవి పంపించాడు. నారపరెడ్డి ఆ తరవాత ఒక్క బండి కూడా మా షెడ్డుకు పంపలేదు. ఆ ఉగాదికి బెల్లం, పప్పు కొనలేక మా ఇంట్లో ఓళిగలు చేయలేదు.

ఇప్పుడు షెడ్డు ఉన్న చోట పెద్ద రోడ్డు. నాయన లేడు, అవ్వ లేదు, పైపు మూతి విప్పే ఆ చేతి పనిముట్టు పాత ఇనుములో పోయింది, మన బండికి పని చేసినవాడి ముఖం కూడా మనకు కనబడదు. ఊళ్లో నాయన పేరు మాత్రం పెండ్లికి జీపు ఇవ్వని మెకానిక్కుగానే మిగిలింది. మొన్నొక పెండ్లిలో ఆనాటి పెండ్లికొడుకే, తెల్లబడిన జుట్టుతో, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, "మీ నాయనే కదా నన్ను బస్సులో నిలబెట్టి పెండ్లికి పంపించినాడు?" అని పదిమందిలో ఎగతాళి చేశాడు.

"అవును, మా నాయనే. ఆ జీపులో ఎన్నేండ్లు తిరిగినావన్నా?"

"చానా ఏండ్లు."

"ఎప్పుడన్నా తొక్కితే ఆగకుండా పోయిందా?"

ఆయన ఆలోచించి, మనవరాలిని ఇంకో తొడ మీదికి మార్చుకుని, "లేదుమ్మా" అన్నాడు మెల్లగా.

అందరికీ వినబడేటట్టు ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పాడు.