బక్కయ్య క్రిస్మస్ సీడీ

బక్కయ్య ఊపిరి గురించి కొత్తపేటలో కథలు చెప్పుకునేవారు. పెళ్లి ఊరేగింపు వీధి మొదట్లో ఉండగా ఎత్తుకున్న స్వరాన్ని మలుపు తిరిగేదాకా దింపేవాడు కాదట. పేరుకు తగ్గట్టు సన్నటి మనిషి. అంత గాలి ఆ ఒంట్లో ఎక్కడ దాచుకుంటాడా అని పెళ్లివారు వింతగా చూసేవారు.

వాళ్లది హయత్‌నగర్ అవతల పల్లె. తండ్రి బిక్షమయ్య బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. బక్కయ్య ఆయన దగ్గరే నేర్చుకుని, తర్వాత సికింద్రాబాద్‌లో మూతబడిన ఒక బ్యాండు వాళ్ల దగ్గర పాత శాక్సాఫోన్ కొన్నాడు. ఏళ్లతరబడి బరాత్‌ల దుమ్ము, వెనక నడిచే జనరేటరు పొగ మింగి మింగి, చలికాలం వస్తే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఆ సంగతి భార్య సుక్కమ్మకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

తర్వాత నగరంలో ఒక పెద్ద హోటల్లో పని దొరికింది. సాయంత్రాలు భోజనాల హాల్లో మూలన నిలబడి వాయించాలి. మేనేజరు విదేశీ సీడీలు కొన్ని చేతిలో పెట్టి, "మెత్తగా ఊదాలి, తినేవాళ్ల మాటలకు అడ్డం రావద్దు" అన్నాడు. ఊరేగింపుల్లో ఊరంతా వినబడేలా ఊదినవాడు గుసగుసలాగా ఊదడం నేర్చుకున్నాడు. పట్టుగుడ్డ జారినట్టుండేది ఆ నాదం. ఎవరూ తలెత్తి చూసేవారు కాదు.

ఒక్క త్రినాథరావు చూశాడు. భీమవరం వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో గోదావరి ఆడియోస్ అని దుకాణం పెట్టుకున్నాడు. భక్తిపాటల సీడీలు తనే చేయించి అమ్ముతాడు. కుటుంబంతో భోజనానికి వచ్చినవాడు చేయి కడుక్కుని నేరుగా బక్కయ్య దగ్గరికి వెళ్లాడు.

"బక్కయ్య గారూ, క్రిస్మస్‌కి మనం ఒక సీడీ చేద్దామండి. మాటలుండవు, మీ శాక్సాఫోనే. చర్చికెళ్లేవాళ్లు వింటారు, వెళ్లనివాళ్లూ వింటారు. అట్ట మీద మీ పేరు పెద్దక్షరాలతో వేయిస్తాను."

బక్కయ్య చర్చికి వెళ్లేవాడు కాదు. కానీ క్రిస్మస్ ఊరేగింపుల్లో వాయించి వాయించి ఆ కీర్తనలన్నీ కంఠతా వచ్చు. ఆ రాత్రి సుక్కమ్మతో అట్ట మీద పేరు సంగతి మాత్రమే చెప్పాడు.

రెండువేల తొమ్మిది దసరా తర్వాత చైతన్యపురిలో రికార్డింగు మొదలైంది. ఒక హాస్టల్ పైఅంతస్తులో చిన్న స్టూడియో. గోడల నిండా దళసరి స్పాంజి, రెండు తలుపులు. లోపలికి వెళ్తే రోడ్డు మీద బస్సు హారను కూడా వినబడదు. అద్దం అవతల వంశీకృష్ణ అనే కుర్రాడు రికార్డు చేసేవాడు. ఎనిమిది కీర్తనలు అనుకున్నారు.

బయట తెలంగాణ ఉద్యమం ముదురుతోంది. లోపల ఉన్నంతసేపు ఏమీ తెలిసేది కాదు. తలుపు తీస్తేనే తెలిసేది. ఒకనాడు కిందికి దిగేసరికి కాలిన టైర్ల వాసన. ఇంకోనాడు మెయిన్ రోడ్డు మీద పోలీసు వ్యాన్లు తప్ప మనిషి లేడు.

దుకాణానికి వెళ్తే త్రినాథరావు నిచ్చెనెక్కి, బోర్డు మీద గోదావరి అన్న మాటకు కాగితం అంటిస్తున్నాడు.

"గోదారి మాక్కూడా ఉన్నది గద సారూ, గింత పరేషాన్ ఏంది?"

"మీకు తెలుసు బక్కయ్య గారూ. రాయి విసిరేవాడికి కూడా తెలియాలి కదా" అన్నాడు త్రినాథరావు. నవ్వలేదు.

బక్కయ్య కూతురు సుమలత డిగ్రీ చదువుతోంది, ర్యాలీల్లో ముందు వరసలో ఉంటుంది. రోడ్డంతా ఉద్యమం పాటలే అప్పుడు. ఒక సాయంత్రం తండ్రి పక్కన కూర్చుని అడిగింది. "నాయినా, నువ్వు ఊదే పాటలకు మాటలు లేవా?"

"లేవు బిడ్డా."

"మాటల్లేని పాట ఇయ్యాల ఎవరికి కావాలె?"

ఆయన శాక్సాఫోన్ తుడుస్తూ ఉండిపోయాడు.

నవంబరు చివర్లో ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక యువకుడు ఒంటికి నిప్పంటించుకున్నాడు. మన్సూరాబాద్‌లో వాళ్లింటికి ఆ చౌరస్తా ఎంతో దూరం లేదు. ఆ పూట సుక్కమ్మ అన్నం వండలేదు. "నువ్వేమో గా డబ్బాల కూసుని ఊదుకుంట ఉంటవ్. పిల్ల రోడ్ల మీద ఉంటది. నాకు పానం నిలుస్తలేదు" అంది. బక్కయ్య కూతురి మొహం చూడలేకపోయాడు. నిప్పంటించుకున్నవాడిదీ ఆమె ఈడే.

డిసెంబరు మొదటి వారంలో ఎనిమిదో కీర్తన మిగిలింది. పశువుల తొట్టిలో పడుకున్న బిడ్డకు జోలపాట. దీర్ఘమైన స్వరాలు, ఊపిరి చాలా కావాలి. సగం అయ్యేసరికి అద్దం అవతల వంశీకృష్ణ ఫోను చెవిన పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఆపండి. కింద గొడవగా ఉందట. పోలీసులు పిల్లల్ని తరుముతున్నారట. తలుపు తీయకండి."

"ఏ పిల్లలను?"

"కాలేజీ పిల్లల్నే."

బక్కయ్య రెండు తలుపులూ తోసుకుని మెడలో శాక్సాఫోన్‌తోనే పరుగెత్తాడు. సందంతా తెల్లటి పొగ. బాష్పవాయువు గోళం ఒకటి కాలవ పక్కన ఇంకా బుసకొడుతోంది. నేల మీద తెగిన చెప్పులు. చున్నీలు మొహాలకు చుట్టుకుని ఆడపిల్లలు పరుగెడుతున్నారు. "సుమా!" అని అరిచాడు. అరిచిన ప్రతిసారీ గుండెనిండా ఆ పొగే దిగింది. ఒక పిల్ల భుజం పట్టుకుని తిప్పాడు, సుమలత కాదు. ఇంకొకామె దగ్గరికి వెళ్లాడు, ఆమే కాదు. కళ్లు మూసుకుపోయాయి. మళ్లీ అరవబోతే దగ్గే వచ్చింది. హాస్టల్ గేటు దగ్గర కూలబడ్డవాణ్ణి లోపలి పిల్లలు ఈడ్చుకెళ్లి మొహాన నీళ్లు కొట్టారు.

సుమలత ఆ రోజు ఇంట్లోనే ఉంది. సుక్కమ్మ పొద్దున్నే బయట గొళ్లెం పెట్టి, గడప మీద కూర్చుంది.

దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. ఊపిరితిత్తులు ఎప్పటినుంచో దెబ్బతిని ఉన్నాయనీ, ఈ పొగ మిగిలింది తీసిందనీ, ఇక ఊదడం మానెయ్యాలనీ చెప్పాడు.

త్రినాథరావు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి అసలు సంగతికి వచ్చాడు. "ఎనిమిదోది సగమే ఉందండి. కీబోర్డులో శాక్సాఫోన్ శబ్దం ఉంటుందట, మిగతాది దాంతో పూర్తి చేస్తానంటున్నాడు వంశీ. ఎవరికీ తెలియదు."

"నాకు తెలుస్తది గద సారూ. ఏడే ఉండనియ్యుండ్రి."

ఆ మధ్యలో రాష్ట్రం వస్తుందన్న ప్రకటనతో బస్తీ అంతా పటాకులు కాల్చింది. బక్కయ్య ఆ పొగకు కూడా తలుపులు వేయించుకున్నాడు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు ఢిల్లీ మాట మారింది. మళ్లీ బంద్‌లు. అచ్చయి వచ్చిన సీడీల డబ్బాలు దించిన దుకాణం షట్టరు వెనక అలాగే ఉండిపోయాయి.

పండగ నాడు సుమలత కొత్తపేటలో త్రినాథరావు ఇంటికి నడిచి వెళ్లింది. ఉద్యమంలో తెలిసిన పిల్ల గనక దారిలో ఎవరూ ఆపలేదు. కిటికీలన్నీ మూసుకున్న ఆ ఇంట్లో వాళ్లు భయంభయంగా తలుపు తీసి, ఇంట్లో ఉంచుకున్న సీడీ ఒకటి ఇచ్చి, వెంటనే మూసేసుకున్నారు. సుమలత ఇంటికొచ్చి, పక్కింటి ప్లేయరు తెచ్చి అందులో పెట్టి, తండ్రి పక్కన కదలకుండా ఏడూ విన్నది. "మంచిగున్నది నాయినా" అని లోపలికి వెళ్లిపోయింది. బక్కయ్యకు సంగీతం కన్నా స్వరానికీ స్వరానికీ మధ్య తను తీసుకున్న ఊపిరే ఎక్కువగా వినిపించింది. ఎంత తేలిగ్గా తీసుకున్నాడో!

మరుసటేడు త్రినాథరావు దుకాణం ఎత్తేశాడు. మిగిలిన సీడీలు చర్చిలకు పంచిపెట్టాడు.

రెండువేల పదకొండులో సకల జనులూ సమ్మె చేస్తున్నప్పుడు, ఎల్బీనగర్‌లో రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. పాత బ్యాండు వాళ్లు వచ్చి, "అన్నా, ఒక్కపాట ఊదు" అని బతిమిలాడారు. సుక్కమ్మ వద్దంది. అయినా వెళ్లాడు. పొయ్యిల పొగకు ఎగువన, గాలి వచ్చే వైపు నిలబడి శాక్సాఫోన్ పెదవులకు ఆనించాడు. జనం మాటలు ఆపి అటు తిరిగారు. అందరికీ తెలిసిన ఉద్యమం పాటే. మొదటి వరస నిండుగా వచ్చింది. రెండో వరస మధ్యలో ఛాతీ బిగుసుకుంది, స్వరం తెగింది. ఆయన వాయిద్యం దించి, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్నాడు.

పాట అక్కడికే అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. సుమలత ఒక్కతే చప్పట్లు కొట్టకుండా, పళ్లేల మధ్యగా తండ్రి వైపు పరుగెత్తుకొచ్చింది.