ముక్కు పైకెత్తిన విమానం

రేవులో ఇరవై తొమ్మిదేళ్లు క్రేను నడిపిన మనిషి ఆవిడ. అంత ఎత్తున ఒంటరిగా కూర్చుని, కింద ఎవడు ఏ కొక్కెం సరిగ్గా తగిలించలేదో అని కళ్లలో వత్తులేసుకుని చూసీ చూసీ, అనుమానం ఒంటికి పట్టేసింది. రిటైరయ్యాక ఆ చూపు కోడలి మీదికి మళ్లింది. పాలగిన్నె మూత ఎవరు తీశారు? ఫోను మోగగానే బాల్కనీలోకి ఎందుకెళ్లింది?

ఆ కోడలే ఒకరోజు పొద్దున్నే కంప్యూటరు ముందు కుర్చీ వేసి, బల్ల మీద విమానం నడిపే కర్ర, కింద రెండు పెడళ్లు బిగించింది.

"అత్తయ్యా, మోకాలి ఆపరేషనయ్యాక పాదాలు కదిలించమన్నాడుగా డాక్టరు. ఇది విమానాలు నడిపే ఆట, పాత యుద్ధ విమానాలున్నాయి. నడపండి."

"గాల్లోకా?"

"ముందు నేల మీద. షెడ్డు దగ్గర్నుంచి రన్‌వే దాకా."

ఇంత ప్రేమ ఎక్కణ్నుంచి ఊడిపడిందో ఆవిడకి అంతుపట్టలేదు. అయినా కూర్చుంది.

ఆ విమానానికి మూడో చక్రం తోక కింద ఉంది. అందుకే ముక్కు పైకి లేచి, ఎదురుగా దారి కనపడనివ్వదు. మెలికలు తిరుగుతూ, పక్క కిటికీలోంచి దారి చూసుకుంటూ పోవాలి. ఆవిడ కుడి పెడలు తొక్కింది. ఎడమది తొక్కేలోపే విమానం బొంగరంలా గిర్రున తిరిగి, రెక్క నేలకి కొట్టుకుంది.

మూడు రోజులు అదే తంతు. నాలుగోనాడు ఆవిడకి ఒళ్లు మండింది.

"ఇందులో నువ్వేదో తిరకాసు పెట్టావమ్మాయ్!"

"అయితే లేవండి, నేను నడుపుతా."

నాలుగు గజాలు పోకముందే కోడలి విమానమూ చతికిలబడింది.

"కావాలనే పడేశావు," అంది ఆవిడ.

కోడలు మొహం ఎర్రబడింది. పళ్లు బిగించి మళ్లీ నడిపింది, మళ్లీ పడేసింది. "దీని దుంప తెగ!" అని పెడలు మీద ఒక్క తన్ను తన్నింది. ఆ తన్నులో నటన లేదు.

అప్పుడు తట్టింది ఆవిడకి. విమానం తిరిగాక కోడలు పెడలు తొక్కుతోంది. క్రేను కొక్కేనికి వేలాడే బరువూ అంతే, ఊగాక సరిదిద్దబోతే మాట వినదు.

"తిరగబోతోందనగానే రెండో పెడలు కాస్త తొక్కి వదిలెయ్యాలి. లే, లే."

ఆవిడ కూర్చుని, కర్రని పొట్టకేసి లాక్కుని, తోకని నేలకి అదిమిపెట్టి, చిన్న చిన్న తొక్కుళ్లతో రన్‌వే దాకా తీసుకెళ్లి ఆపింది. ఆపి, వెనక్కి తిరిగింది.

"నిజం చెప్పు. ఇదంతా ఎందుకు తెచ్చావు?"

"సగం మోకాలి కోసమే," అంది కోడలు. "మిగతా సగం... రోజుకో గంటైనా మీరు నా వెనకాల తిరక్కుండా ఉంటారని."

తన అనుమానం నిజమే! కోపం రావాలి, రాలేదు. ఈ పిల్ల మొహమ్మీద ఒక నిజం చెప్పడం ఇదే మొదలు.

"తలుపు దగ్గరగా వేసి వెళ్లు," అంది ఆవిడ. "రెండు గంటలు రాను."

ఆ ఏడాదంతా ఆవిడ రోజూ విమానాన్ని రన్‌వే దాకా నడిపి, తిప్పి తెచ్చింది. ఒక్కనాడూ గాల్లోకి లేపలేదు. ఆ ఇంజను మీద ఆవిడకి నమ్మకం కుదరలేదు.