ప్రశ్నల బల్ల

పోయిన నెల కోరుట్లలో ప్రాథమిక బడుల ఉపాధ్యాయులకు ఏదో శిక్షణ జరుగుతుంటే, పింఛను మీద బతికే పాతకాపుల్ని కూడా ఒకసారి పిలిచి శాలువా కప్పుదామని ఎవరికో బుద్ధి పుట్టి నాకు కబురు పెట్టారు. ఇంట్లో టీవీ చూసి చూసి విసుగెత్తి ఉన్నానేమో, శాలువా ఎట్లా ఉన్నా నలుగురు మనుషులు కనిపిస్తారు కదా అని జగిత్యాలలో బస్సెక్కి పోయాను. అక్కడ గోడంత తెర పెట్టారు. దాని మీద వేలు పెడితే నదులు పారుతున్నాయి, గుండె కొట్టుకుంటోంది, తప్పు జవాబు మీద పెడితే ఎర్ర గుర్తు పడి బుర్రుమని చప్పుడొస్తోంది. పక్క బడి నుంచి కొందరు పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టి, ఒక అమ్మాయి, ఆమె కూడా శిక్షణ ఇచ్చేదే, మాదిరి పాఠం చెప్తోంది. మూడో తరగతి పిల్ల ఒకతె లేచి నిలబడి, జవాబును గొంతులోనే మింగేసింది. ఆ అమ్మాయి గట్టిగా చెప్పమని గదమాయించలేదు. పిల్ల దగ్గరికి పోయి, నడుం వంచి, తల కొంచెం పక్కకు తిప్పి, ఎడమ చెవిని పిల్ల నోటి దగ్గర పెట్టి, కళ్ళు సగం మూసుకుని విన్నది.

ఆ వంగడం నాకు తెలుసు. అది ఎక్కడ మొదలైందో, ఎట్లా మొదలైందో చూసిన వాళ్ళలో ఇప్పుడు బతికి ఉన్నది బహుశా నేనొక్కణ్ణే, అందుకే ఇది రాస్తున్నాను.

మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మనం చదివింది సగం చదువు, సగం దెబ్బలు. గోడకుర్చీలు, తొడపాశాలు, దూలానికి తాడు కట్టి వేలాడదీసే కోదండాలు, అన్నీ అనుభవించి వచ్చినవాళ్ళమే. నాకు సోషలు చెప్పిన అయ్యవారు ఒక్కో నది పేరు తప్పితే అరచేతి మీద ఒక్కో దెబ్బ వేసేవారు, ఇప్పటికీ యమున అన్న మాట వింటే నా చెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది. అట్లాంటి నేను కొన్నేళ్ళు పంతులుగా చేశాక, జగిత్యాలలో పంతుళ్ళకే పాఠాలు చెప్పే పనిలో పడ్డాను. చిన్నపిల్లలకు సైన్సూ సోషలూ ఎట్లా చెప్పాలో పెద్దవాళ్ళకు నేర్పాలి. తాతకు దగ్గులు నేర్పినట్టే అనుకోండి. అయినా వచ్చిన వాళ్ళలో మంచివాళ్ళుండేవారు. రాయికల్ నుంచి వచ్చిన ఒక చెల్లెలు తన తల్లి బీడీల చాటలోంచి తునికాకు తెచ్చి ఆకు ఈనెల పాఠం చెప్పింది, సిరిసిల్ల మరమగ్గాల దగ్గర పారేసిన నూలు కండెలు ఏరుకొచ్చి ఒకాయన బండి చక్రాలు చేసి చూపించాడు. పైసా ఖర్చు లేకుండా చేతికి దొరికిన దానితో పాఠం చెప్పాలనేది నా పట్టుదల.

ఆ వచ్చినవాళ్ళలో వీర్నపల్లి అవతలి పల్లె నుంచి ఒక కుర్రవాడు ఉన్నాడు. కల్లుగీత పని చేసే తండ్రికి ఒక్కడే కొడుకు, కొత్తగా పంతులుద్యోగం వచ్చింది. నన్ను అన్నా అని పిలిచేవాడు కాబట్టి ఇక్కడ తమ్ముడనే అంటాను. చురుకైనవాడు, మాటకారి, కట్టె మీద గొప్ప నమ్మకం. తాను బడి వాకిట్లో అడుగు పెడితే పిల్లలు లాగులు తడుపుకుంటారని తానే నవ్వుతూ చెప్పేవాడు. వేలి మెటికలు వాచి వారం పాటు పలక పట్టలేకపోయిన పిల్లవాడి సంగతి కూడా చెప్పాడు, అది చెప్పేటప్పుడు మాత్రం కొంచెం తక్కువ నవ్వాడు. నేను కట్టె వద్దన్నప్పుడల్లా లేచి నిలబడేవాడు.

"దెబ్బకు దయ్యమే దిగుతదంటరన్నా, లెక్క దిగదా?"

క్లాసంతా నవ్వేది. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండేది. దానికి జవాబుగానే ప్రశ్నల బల్ల చేయించాను. సుద్దముక్కల పెట్టె మూత లాంటి పలక ఒకటి, దాని మీద ఎడమ వరుసలో ప్రశ్నలు, కుడి వరుసలో జవాబులు కలిపి కలగాపులగంగా, ఒక్కోదాని పక్కన ఒక్కో మేకు. వెనుక నుంచి ప్రతి ప్రశ్న మేకును దాని జవాబు మేకుకు తీగతో కలపాలి. తీగ కొననక్కర్లేదు, మన దగ్గర కాలిపోని బావి మోటారు ఎక్కడుంది, ఆ మోటార్లలోంచి తీసిన రాగి తీగ కావలసినంత. రెండు టార్చి సెల్లులు సైకిలు ట్యూబు ముక్కలో దూర్చి, ఒక చిన్న బల్బు పెట్టి, రెండు తీగ కొసలు బయటికి వదలాలి. ఒక కొస ప్రశ్న మీద, ఒక కొస సరైన జవాబు మీద పెడితే బల్బు వెలుగుతుంది. తప్పు జవాబు మీద పెడితే ఏమీ కాదు. బల్ల కొట్టదు, తిట్టదు, వెలగదు, అంతే, అప్పుడు మీరు ‘ఇంకోసారి చూడు’ అని మాత్రం అనాలి అని చెప్పి, ఆ మాటను పళ్ళు కొరకకుండా అనడం వచ్చేదాకా ఒకరి చేత ఒకరికి చెప్పించాను. తమ్ముడు దాన్ని సాగదీసి, గొంతు తీయగా పెట్టి, నన్ను వెక్కిరిస్తూ అనేవాడు. అయినా అందరి కంటే బాగా బల్ల చేసింది అతనే. తాటిచెట్టు మనకేమిస్తుంది అన్న ప్రశ్నకు కల్లు అని జవాబు రాశాడు. ముంజలు అని మార్చవయ్యా, మూడో తరగతి పిల్లలు అంటే, ముంజలు ఏడాదికోసారి, మా అయ్య కల్లు దినాం అన్నాడు. నేనూ ఊరుకున్నాను.

శిక్షణ అయిపోయింది, ఆ బల్లను యూరియా సంచిలో పెట్టుకుని చందుర్తి మీదుగా పోయే బస్సెక్కాడు.

అవి ఎట్లాంటి రోజులో మీకు గుర్తుండే ఉంటుంది. అడవి వైపు పల్లెల్లో పొద్దున లేస్తే ఎవరి శవం ఏ పొలం గట్టు మీద ఉందో అన్న భయం. నక్సలైట్లకు అన్నం పెట్టావని పోలీసులు కొట్టేవారు, పోలీసులకు సమాచారం చెప్పావని వాళ్ళు చంపేవారు, మధ్యలో బడి గంట మాత్రం మోగుతూ ఉండేది. కొన్నాళ్ళ ముందే ఆ దారుల్లో ఎక్కడో పోలీసుల జీపు ఒకటి మందుపాతర మీద పడి తునకలైంది. చచ్చిపోయినవాళ్ళతో ఒకే పళ్ళెంలో తిన్న పోలీసులే ఆ రోజు తమ్ముడెక్కిన బస్సు ఆపి సంచులు వెతుకుతున్నారు. వాళ్ళకు దొరికింది నేను నేర్పిన పాఠం, రబ్బరు గొట్టంలో సెల్లులు, వాటికి రాగి తీగలు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడి తండ్రి జగిత్యాలకు వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. తాటిచెట్లెక్కి గట్టిపడ్డ ఛాతీ, అరచేతుల నిండా కాయలు, ఆ చేతులు రెండూ జోడించాడు.

"సారూ, మావోన్ని గుంజుకపోయిండ్రు. సంచిల బాంబు దొరికిందంటున్నరు. గా బల్ల మీరే నేర్పిండ్రటగద. నువ్వచ్చి ఒక్క మాట చెప్పు సారూ, నీ కాల్మొక్త."

మా ఆవిడ తలుపు వెనక నుంచి, మీరు పోతే ఇద్దరైతరు అన్నది. నిజమే అన్నది. నాకు భయం వేసింది. నా దగ్గరున్న మాదిరి బల్ల తీసుకుపోదామనుకుని, దారిలో నన్నూ ఆపితే రెండో ఉరితాడు మోసుకుపోయినట్టవుతుందని అటక మీద పెట్టి, నాలుగో తరగతి సైన్సు పుస్తకం ఒక్కటి చంకలో పెట్టుకుని ఆ తండ్రి వెంట పోయాను.

ఆ ఠాణా పేరెందుకు లెండి. తండ్రిని గేటు బయటే ఆపేశారు. లోపల వసారాలో తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదవి చీలింది, రెండు అరికాళ్ళు వాచి నేల మీద ఆనడం లేదు, కుడి చెవిలోంచి కారిన నెత్తురు మెడ మీద ఎండి నల్లగా అట్ట కట్టింది. నన్ను చూసి లేవబోయి పడ్డాడు. నేను సైన్సు పుస్తకం తెరిచి ఎస్సైకి చూపించి ఇది బడి పాఠం సార్ అనేలోగా ఆయన చెంప మీద కొట్టాడు. మళ్ళీ చెప్పబోతే వెనక నుంచి ఎవరో వీపు మీద లాఠీతో వేశారు, మోకాళ్ళ మీద కూలబడ్డాను. కళ్ళజోడు ఎటో పోయింది. నా నలభయ్యో ఏట, పంతుళ్ళకు పంతులునని గర్వపడే మనిషిని, అయ్యవారి ముందు చేతులు చాచిన పిల్లవాణ్ణయిపోయాను.

ఎస్సై బల్లను నా ముందు పడేశాడు. బాంబేమో అని తీగలన్నీ పీకేసి ఉన్నాయి, బల్బు మాత్రం ఎట్లాగో పగలకుండా మిగిలింది.

"వెలిగించు. వెలిగితే బడి బల్ల. వెలగకపోతే వీడు మళ్ళీ బడి మొహం చూడడు, నువ్వూ చూడవు."

మోటారు తీగకు సన్నటి లక్క పూత ఉంటుంది, కొసలు గీకితే తప్ప కరెంటు పారదు. బ్లేడు అడిగితే ఇవ్వలేదు. కొసలన్నీ గడప రాయికి రాసి రాసి, మిగిలింది పళ్ళతో గీకి, మేకులకు చుట్టాను. ఏ మేకుకు ఏ మేకో నాకు తెలియదు, తమ్ముడు చీలిన పెదవితో ఒక్కోటీ చెప్తూ పోయాడు. చివరి తీగ చుట్టి నేను కొసలు అందుకోబోతే ఎస్సై నా చెయ్యి తన్నేశాడు. నువ్వు పెడితే ఏదో మాయ చేస్తావ్, నేనే పెడతా అన్నాడు.

ఆయన ఎక్కణ్ణుంచో బదిలీ మీద వచ్చినవాడు. మొదటి ప్రశ్న పైకి చదివాడు, సిరిసిల్ల పక్కనుంచి పారే నది ఏది అని. ఒక కొస దాని మీద పెట్టి, రెండో కొస గోదావరి మీద పెట్టాడు.

బల్బు వెలగలేదు.

కానిస్టేబులు లాఠీ పైకి లేపాడు. జవాబు తప్పని నాకు తెలుసు, అక్కడున్న సగం మందికి తెలిసే ఉంటుంది, కానీ ఆ మనిషికి, ఆ క్షణంలో, నీది తప్పు అని చెప్పే నాలుక ఎవరికుంది? అప్పుడు గోడ దగ్గర నుంచి తమ్ముడు అన్నాడు.

"ఇంకోసారి చూడుండ్రి సార్."

వెక్కిరింపు లేదు, భయం లేదు, పళ్ళు కొరకడం లేదు. నేను ఎట్లా అనాలని అన్నాళ్ళూ చెప్పానో సరిగ్గా అట్లా అన్నాడు. ఎస్సై రెండంగల్లో పోయి ఆ నెత్తురు చెవి మీదే మళ్ళీ చాచి కొట్టాడు. తమ్ముడి తల గోడకు తగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కొట్టాక ఎస్సై కాసేపు రొప్పుతూ బల్లవైపు చూశాడు, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు, ఆ చేత్తోనే తీగ తీసుకుని ఒక్కో జవాబూ పెదవులతో చదువుతూ పోయి మానేరు దగ్గర ఆగాడు. కొస ఆనించాడు. బల్బు వెలిగింది.

ఆయన తీగ తీసి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ వెలిగింది. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న. కానిస్టేబుళ్ళు మెల్లగా చుట్టూ మూగారు. కల్లు దగ్గర బల్బు వెలిగేసరికి వాళ్ళలో ఒకడు పకాలున నవ్వి నోరు మూసుకున్నాడు. అప్పుడు చూశాను ఎస్సై ముఖం, తమ్ముడి ఈడు పిల్లవాడు, మీసం కూడా సరిగా రాలేదు. నాకు జాలి వెయ్యలేదు, అబద్ధమెందుకు. తీస్కపో వీణ్ణి అన్నాడు నావైపు చూడకుండా. బల్ల మాత్రం ఇవ్వలేదు.

సిరిసిల్లలో డాక్టరు చూసి, కుడి చెవి పోయినట్టేనని చెప్పాడు.

తమ్ముడు నెల దాటాక బడికి పోయాడు. కట్టె మానేశాడా అంటే వెంటనే మానలేదు. తరవాత ఒకసారి జగిత్యాల వచ్చినప్పుడు తానే చెప్పాడు, ఏదో కోపంలో ఒక పిల్లవాడి మీదికి చెయ్యెత్తితే, ఆ పిల్లవాడు చేతులు చాచడానికి బదులు రెండు చెవులు మూసుకున్నాడట. సార్ చెవి సంగతి ఊళ్ళో పెద్దవాళ్ళు గుసగుసలాడుకుంటే ఎక్కడో విన్నాడు కాబోలు. ఎత్తిన చెయ్యి ఎట్లా దించాలో తెలియలేదన్నా అని చెప్పి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ తరవాత తమ్ముడు బడికి కట్టె పట్టుకుపోలేదు. పిల్లల జవాబులు వినబడక ఒక్కొక్కరి దగ్గరికి పోయి, వంగి, ఎడమ చెవి వాళ్ళ నోటి దగ్గర పెట్టేవాడు. అట్లాగే ఉద్యోగమంతా చేసి కరోనా వచ్చిన ఏడాది పోయాడు.

కోరుట్లలో పాఠం అయ్యాక ఆ అమ్మాయి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏ ఊరమ్మా అంటే వీర్నపల్లి అవతల అన్నది. పిల్లల దగ్గర అట్లా వంగి వినడం ఎవరు నేర్పారు అని అడిగాను.

"మా సారు గట్లనే ఇంటుండె సార్. పిల్లలంటే పానమిస్తుండె. ఆయన కోపం జేసుడు మేమెప్పుడు చూడలె."

చెవుడు కదమ్మా పాపం, అందుకు అట్లా అలవాటైంది అన్నాను, నోరు జారి. ఆ అమ్మాయి నావైపు వింతగా చూసింది.

"చెవుడా? మా సారుకు చెవుడేంది సార్! మేం ఎంత మెల్లగ చెప్పినా ఆయనకు ఇనవడేది. గుసగుస పెట్టినా ఇనేటోడు."

ఇప్పుడు బడిలో కట్టె లేదు, చట్టమే వద్దంది. ఆ దారుల్లో బస్సు ఆపి సంచులు వెతికేవాళ్ళు లేరు, తీగలూ సెల్లులూ పిల్లలు చేతుల్లో పట్టుకుని తిరిగినా ఎవరూ పట్టించుకోరు, అసలు పట్టుకుని తిరిగే పిల్లలే లేరు, అన్నీ తెర మీదే. మంచిదే, ఏ తండ్రీ మళ్ళీ ఎవరి వాకిట్లోనూ అట్లా నిలబడకుండా ఉంటే అంతకంటే ఏం కావాలి. ఆ అమ్మాయి మళ్ళీ పాఠానికి లేచింది. ఒక పిల్లవాడు వచ్చి తెర మీద తప్పు జవాబు నొక్కితే బుర్రుమని చప్పుడొచ్చి పిల్లలంతా నవ్వారు. ఆమె ముందు ఆ చప్పుడు కట్టేసింది, తరవాత పిల్లవాడి పక్కన వంగి, ఇంకోసారి చూడు అన్నది.