అయస్కాంతానికి అంటని గుండ్లు

మా తాతగారి కాలంలో మా ఇంటి నగలు దుకాణం గడప తొక్కలేదు. కంసాలే మా హాల్లోకి వచ్చి, తెల్లగుడ్డ పరుచుకుని పనిచేసేవాడు. లేచే ముందు గుడ్డమీది పొడిలో అయస్కాంతం తిప్పేవాడు. ఆకురాయి నుంచి రాలిన ఇనుపరజను దానికి అంటుకునేది. మిగిలిన పచ్చటి పొడిని మా నాయనమ్మకు అప్పగించేవాడు. అయస్కాంతం వదిలేసిందే బంగారమని నా మనసులో అప్పుడే నాటుకుపోయింది.

తొంభైల నాటికి ఆ ఇల్లూ లేదు, భూములూ లేవు. చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి పోర్షన్‌లో ఉండేవాణ్ని. అయినా ఇస్త్రీ లేని చొక్కాతో వీధిలోకి వెళ్లేవాణ్ని కాదు. నా మాటకు ఎవరైనా రుజువు అడిగితే ఓర్చుకునేవాణ్ని కాదు. గిన్నెలు తోమడానికి వచ్చే పాలమూరు ఆమె నన్ను దొరా అని పిలిచేది. వద్దని నేనెన్నడూ అనలేదు.

ఒకరోజు ఆమె కొంగుముడి విప్పి పుస్తెలతాడుకు గుచ్చుకునే ఎనిమిది పచ్చటి గుండ్లు నా ముందు పోసింది.

“మా బస్తీల ఒకామెయి దొరా. ఇవి నాకిచ్చి నా ఎండి కడియాలు తీసుకుంటదట. వాళ్లత్త పెట్టిన కడియాలు ఈమె పోగొట్టుకున్నది. అవి లేకుంట ఊర్ల అడుగు పెట్టనియ్యదట. రేపు పగటాల బస్సుకు పోతది.”

భర్త జబ్బుకు తన గుండ్లు అమ్ముకున్నాక మా పాలమూరు ఆమె మెడలో పసుపుతాడే మిగిలింది. కాళ్ల వెండి కడియాలు వాళ్లమ్మవి. అవి తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు.

పాడైన రేడియోలోంచి తీసిన అయస్కాంతం నా దగ్గర ఉంది. గుండ్ల మీద తిప్పాను. ఒక్కటీ కదల్లేదు.

“బంగారమే,” అన్నాను.

“అవుసలాయనకు గూడ ఓసారి చూపియ్యనా?”

“నేను చెప్పాక మళ్లీ కంసాలి ఎందుకు?”

ఆమె నవ్వుకుంటూ వెళ్లింది.

మర్నాడు పొద్దున నీళ్లు తాగి, బల్లమీదున్న అయస్కాంతాన్ని ఊరికే ఇత్తడి చెంబుకు ఆనించాను. జారిపోయింది. పూజలో వాడే రాగి పళ్లేనికి పెట్టాను, అంటలేదు. వెండి కుంకుమభరిణెకూ అంటలేదు. అంటే ఆ గుండ్లు ఇత్తడివైనా అంటవు.

ఒంటిమీది నలిగిన చొక్కాతోనే, ఆమె పొద్దున పనికి వెళ్లే అశోక్‌నగర్ పరుగెత్తాను. ఆమె ఒక ఇంటి వాకిలి కడుగుతోంది. కాళ్లు బోసిగా ఉన్నాయి.

“కడియాలు ఇచ్చేసిన దొరా, పొద్దుగాలనే.”

ఇద్దరం నారాయణగూడలో ఒక కంసాలి దగ్గరికి వెళ్లాం. ఆయన ఒక గుండును గీటురాయి మీద గట్టిగా రుద్ది, ఆమ్లం చుక్క వేశాడు. పచ్చటి గీత మాయమైంది.

“ఇత్తడి. పైన పూత. బంగారమని ఎవరు చెప్పిన్రమ్మా?”

ఆమె గుండ్లు మళ్లీ కొంగున ముడేసుకుంది.

“నేనే చెప్పాను, అయస్కాంతం పెట్టి చూసి,” అన్నాను.

ఆయన నవ్వలేదు. “అది ఇనుమును పట్టిస్తది సార్. బంగారం సంగతి దానికేం తెలుసు?”

ఆటోలో అంబర్‌పేట్ బస్తీకి చేరేసరికి ఆ గుండ్లిచ్చిన ఆమె మూట కట్టుకుంటోంది. ముందు పోసిన గుండ్లు చూసి, విషయం విని, మారుమాట లేకుండా కడియాలు తీసి ఇచ్చేసింది. తర్వాత నావైపు తిరిగింది.

“నాకమ్మినోడు గూడ గట్లనే అయస్కాంతం పెట్టి చూపిచ్చిండు సార్. బంగారం గాకుంటె మరి ఎందుకంటలేదు?”

బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను.

“ఇనుములో కంటికి కనపడని చిన్న చిన్న అయస్కాంతాలు లెక్కలేనన్ని ఉంటాయమ్మా. పెద్ద అయస్కాంతం దగ్గరికి రాగానే అవన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. అందుకే అంటుకుంటుంది. బంగారంలో, రాగిలో, ఇత్తడిలో అట్లా ఒక్కమాట మీద తిరిగేవి లేవు. అందుకే అయస్కాంతానికి బంగారమైనా ఇత్తడైనా ఒకటే. ఇది నేను బడిలో చదివిందే. అయినా చిన్నప్పుడు మా ఇంట్లో చూసిందే నమ్మాను.”

“సదువుకున్నోళ్లు గూడ ఇట్లనే ఉంటరా?” అంది. కోపం లేదు, నిజంగానే అడిగింది. గుండ్లు ఏరుకుని మళ్లీ తాడుకు గుచ్చుకుంది. “బోసి మెడతోని ఊరికెట్ల పోవాలె? అడిగినోళ్లకు బంగారమే అని చెప్త.”

మా పాలమూరు ఆమె రెండు కడియాలనూ తిప్పి చూసుకుంది. తర్వాత ఒక కడియం ఆమె చేతిలో పెట్టింది.

“ఒకటి నువ్వు తీస్కపో. రెండోది పట్నంల నా దగ్గర పదిలంగ ఉన్నదని మీ అత్తకు చెప్పు. మల్లొచ్చినప్పుడు నాది నాకు తేవాలె. దొర సాక్షి.”

నేను తల ఊపాను.

“ఊకె తలూపకు దొరా. ఈసారన్న మంచిగ చూడు, అది ఎండేనా?”

ముగ్గురం నవ్వాం. కడియం అందుకున్న ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.